బెట్టింగ్ మానాలంటే ముందు డబ్బు దారి మూయాలి

క్లుప్తంగా: 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధంలోకి వెళ్లాయి. పేరున్న యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. టెలిగ్రామ్ గ్రూపుల్లో, విదేశీ సైట్లలో మాత్రం బెట్టింగ్ సాగుతూనే ఉంది. మానేద్దామనుకున్న మనిషిని ఆపే ఏర్పాట్లు కొన్ని దేశాల్లో చట్టంలోనే ఉన్నాయి. మన దగ్గర అవి లేవు కాబట్టి బ్యాంకు ఖాతాలో, ఫోన్‌లో, ఇంట్లో మనమే వేసుకోవాలి. వైద్య సలహా కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు పగలైనా రాత్రైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఒక్క రాత్రి స్టేట్‌మెంట్

ఐపీఎల్ మ్యాచ్ ఉన్న ఒక రాత్రి ఒక కుర్రాడి యూపీఐ లావాదేవీలు ఇలా ఉన్నాయనుకుందాం. 7:52కి 200 రూపాయలు వెళ్లాయి. 8:20కి 500, 8:41కి మరో 500. 8:44కి ఖాతాలోకి 900 వచ్చింది. 9:15కి 1,000 వెళ్లింది. 9:24కి 2,000, 9:29కి 4,000. 9:33కి ఒక లోన్ యాప్ నుంచి 10,000 జమ అయింది. 9:35కి 8,000 వెళ్లిపోయింది.

ఇంట్లోవాళ్ల కంట్లో ఈ స్టేట్‌మెంట్ పడితే మొదట చూసేది మొత్తం ఎంత పోయిందనే. అంతకన్నా ఎక్కువ చెప్పేది పక్కనున్న టైమ్. మొదట్లో పందేనికీ పందేనికీ మధ్య 20 నిమిషాలు, అరగంట ఉంది. చివర్లో తొమ్మిది నిమిషాలు, ఐదు, ఆరు. 900 వచ్చిన తర్వాత అరగంట ఆగగలిగిన మనిషి, వెయ్యి పోయాక పది నిమిషాలు కూడా ఆగలేదు. పందెం మొత్తం కూడా 9:15 నుంచి ప్రతిసారీ రెట్టింపవుతూ వచ్చింది. బెట్టింగ్ ఆడేవాళ్లు దీన్ని ‘రికవరీ’ అంటారు. పోయింది రాబట్టుకోవడమని అర్థం. జూదం వ్యసనంగా మారుతోందని చెప్పే గుర్తుల్లో వైద్యులు ముఖ్యంగా చూసేది దీన్నే.

డబ్బు అందుకున్న పేర్లు కూడా గమనించాలి. ఒక్కోసారి ఒక్కో పేరు ఉంటుంది, అన్నీ ముక్కూమొహం తెలియని మనుషులవే. చట్టవిరుద్ధ సైట్లు డబ్బు తీసుకోవడానికి అద్దెకు తెచ్చిన ఖాతాలు వాడతాయి. అలాంటి ఖాతాపై సైబర్ పోలీసుల కన్ను పడితే, దానితో లావాదేవీ జరిపిన మన ఖాతా కూడా ఫ్రీజ్ అయ్యే ప్రమాదం ఉంటుంది.

రికవరీ లెక్క ఎందుకు తప్పుతుంది

‘పోయిన ప్రతిసారీ రెట్టింపు పెట్టు, ఒక్కసారి గెలిస్తే అంతా వచ్చేస్తుంది’ అనే మాట బెట్టింగ్ గ్రూపుల్లో బాగా తిరుగుతుంది. కాగితం మీద ఇది నిజంలాగే కనిపిస్తుంది. 500తో మొదలుపెట్టి వరసగా ఏడుసార్లు ఓడితే పోయేది 500, 1,000, 2,000, 4,000, 8,000, 16,000, 32,000. మొత్తం 63,500 రూపాయలు. మధ్యలో ఎక్కడ గెలిచినా మిగిలేది 500 మాత్రమే. బొమ్మా బొరుసూ లాంటి సగం సగం పందెంలో వరసగా ఏడు ఓటములు వచ్చే అవకాశం 128లో ఒకటి. రోజుకు ఒక వరస చొప్పున ఆడితే సగటున నాలుగు నెలలకు ఒకసారి ఆ రోజు వస్తుంది. అప్పటిదాకా రోజూ 500 గెలుస్తుంటే పద్ధతి పనిచేస్తోందనే నమ్మకం బలపడుతుంది. దెబ్బ పడే రోజుకు ఆ నమ్మకమే అప్పు తెచ్చిపెడుతుంది.

సగం సగం పందెం కూడా నిజానికి దొరకదు. రెండు వైపులా సమాన అవకాశం ఉన్నప్పుడు 100 పెట్టి గెలిస్తే 200 రావాలి. సైట్ 190 ఇస్తుందనుకుందాం. అంటే ప్రతి వంద మీద సగటున ఐదు రూపాయలు నిర్వాహకుడికే. ఐదు రూపాయలే కదా అనిపిస్తుంది. టీ20 మ్యాచ్‌లో 240 బంతులుంటాయి. బంతికి వంద చొప్పున పెడితే 24,000 రూపాయలు చేతులు మారినట్టు, సగటు నష్టం 1,200. ఒక మ్యాచ్ ఫలితం మీద వంద పెట్టినవాడి సగటు నష్టం అదే లెక్కన ఐదు రూపాయలు. సైట్ తీసుకునే వాటా ఇద్దరికీ ఒకటే. తేడా అంతా వేగంలో ఉంది.

పాత జూదానికీ ఫోన్ జూదానికీ ఉన్న తేడా కూడా ఇదే. ఊరి పేకాటలో నలుగురు కూడాలి, ముక్కలు కలపాలి, పంచాలి. జేబులో నోట్లు అయిపోతాయి. తెల్లారుతుంది, లేదా పోలీసులు వస్తారు. గోదావరి జిల్లాల్లో కోడిపందేల మీద పెద్ద మొత్తాలే పోతాయి, కుటుంబాలు నష్టపోతాయి. అయినా పండగ అయిపోగానే బరులు ఖాళీ అవుతాయి. ఫోన్‌లో ఈ అడ్డంకులేవీ లేవు. దుప్పటి కప్పుకుని కూడా ఆడవచ్చు. పక్కన పడుకున్న మనిషికి తెలియదు. పందెం వేయాలన్న కోరికకూ పందేనికీ మధ్య ఉండే ఆలస్యం పూర్తిగా పోయింది.

మెదడు వైపు నుంచి చూసినా ఇంతే. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి, రోజూ ఖాయంగా వచ్చే బహుమతి కంటే గట్టిగా అలవాటు చేస్తుంది. ఒక్క పరుగు తేడాతో పోయిన పందెం ఓటమిలా కాక, గెలుపు దగ్గరికి వచ్చినట్టుగా అనిపిస్తుంది. అందుకే 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో జూదాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11 కూడా దీన్ని వ్యసన రుగ్మతగానే గుర్తిస్తోంది. ‘కాస్త గట్టిగా అనుకుంటే మానేస్తాడు’ అనే మాట ఎందుకు పనిచేయదో దీన్నిబట్టి తెలుస్తుంది.

సమస్య ఉందో లేదో తేల్చుకోవడానికి వైద్యులు వాడే ప్రశ్నల్లో అతి చిన్నవి రెండున్నాయి. ఇంకా ఇంకా ఎక్కువ డబ్బు పెట్టాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడారో ముఖ్యమైనవాళ్ల దగ్గర ఎప్పుడైనా అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఒక్కదానికి అవునన్నా నిపుణులతో మాట్లాడటం మంచిది.

చట్టం ఏం చేసింది, ఏం మిగిలిపోయింది

రమ్మీ జూదమా కాదా అన్న వాదన మూలాలు హైదరాబాద్ జంట నగరాల్లోనే ఉన్నాయి. సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్‌పై పెట్టిన కేసులో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ సత్యనారాయణగా పేరుపడిన ఈ తీర్పు 1968 నాటి లా రిపోర్టుల్లో ఉంది. దశాబ్దాల తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఈ తీర్పునే అండగా చూపించాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. అప్పట్లో పక్క రాష్ట్రంలో చెల్లే యాప్ ఇక్కడ చెల్లేది కాదు. లొకేషన్ మార్చేసి ఆడటం అప్పుడే అలవాటైంది.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ నైపుణ్యం–అదృష్టం తేడాను పక్కనపెట్టింది. డబ్బు పెట్టి, డబ్బు ఆశించి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధమే. ఆట నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20,000 కోట్ల రూపాయలు ఈ ఆటల్లో పోగొట్టుకుంటున్నారన్నది అప్పుడు ప్రభుత్వం చెప్పిన అంచనా. చట్టాన్ని సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టుకు చేరాయి.

ఆడినవారిని ఈ కేంద్ర చట్టం బాధితులుగా చూస్తుంది, వారికి శిక్ష లేదు. రాష్ట్ర గేమింగ్ చట్టాల్లో మాత్రం ఆడేవారికీ శిక్షలున్నాయి. ‘బయటికి చెబితే కేసవుతుందేమో’ అన్న భయం అందుకే ఇంకా పోలేదు. చికిత్స విషయంలో ఆ భయం అక్కర్లేదు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

నిషేధంతో టీవీ ప్రకటనలు, జెర్సీల మీద పేర్లు పోయాయి. కొత్తవాళ్లు చేరడం తగ్గడానికి ఇది పనికొస్తుంది. ఇప్పటికే అలవాటుపడ్డవారి పరిస్థితి వేరు. వాట్సాప్‌లో ‘ఐడీ’ (ఏజెంటు ఇచ్చే లాగిన్) తీసుకుని విదేశీ సైట్‌లో ఆడేవాడికి అక్కడ పరిమితి పెట్టేవాళ్లు లేరు, ఫిర్యాదు తీసుకునేవాళ్లు లేరు. స్క్రీన్ మీద 40,000 కనిపిస్తుంది. తీసుకోబోతే ఇంకా ఇంత ‘టర్నోవర్’ చేయాలంటారు, అంటే ఇంకా అంత మొత్తానికి పందేలు వేయాలని.

బ్రిటన్‌తో పోల్చి చూస్తే లోటు ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడ జూదం చట్టబద్ధం. కానీ గామ్‌స్టాప్ అనే జాబితాలో ఒక్కసారి పేరు రాయించుకుంటే, లైసెన్సున్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ ఆ మనిషిని ఆరు నెలలు, ఏడాది లేదా ఐదేళ్లు ఆడనివ్వకూడదు. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదం కూడా ఆపేశారు. ఆస్ట్రేలియాలో ఇలాంటి జాబితానే బెట్‌స్టాప్ పేరుతో 2023లో వచ్చింది. సింగపూర్‌లో కుటుంబ సభ్యులే దరఖాస్తు చేసి ఒక వ్యక్తిని క్యాసినోలోకి రానివ్వకుండా ఆపించవచ్చు. ఈ ఏర్పాట్లన్నీ కంపెనీకి లైసెన్సు ఉంటేనే పనిచేస్తాయి. దాక్కుని నడిచే సైట్‌కు జాబితా చూపించి ఆపమనడం కుదరదు.

డబ్బుకూ పందేనికీ మధ్య ఆలస్యం

పందెం వేయాలన్న తహతహ ఎప్పటికీ ఒకే స్థాయిలో ఉండదు. చాలాసార్లు పావుగంట, అరగంటలో తగ్గుతుంది. ఆ కాసేపు డబ్బు చేతికి అందకుండా చేయగలిగితే సగం పని అయినట్టే. కింద చెప్పినవన్నీ ఆలస్యం పెంచే పనులే. వీటిలో ఏదీ దూకలేని గోడ కాదు.

అన్నిటికన్నా ముందు జీతం. జీతం పడే ఖాతాకు యూపీఐ ఉండకూడదు. యాప్‌లో ఆ ఖాతాను తీసేసి, డెబిట్ కార్డు ఇంట్లో నమ్మకమైన మనిషి దగ్గర ఉంచాలి. ఆధార్ ఓటీపీతో మళ్లీ నమోదు చేసుకునే వీలు ఉంది, నిజమే. కానీ కొత్తగా నమోదు చేసుకున్నాక మొదటి 24 గంటలు సాధారణంగా 5,000 రూపాయలకు మించి పంపలేరు. ఆ రాత్రికి అదే పెద్ద అడ్డు.

మరి పాలకు, పెట్రోలుకు, కిరాణాకు ఎలా? 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ దీనికి బాగా పనికొస్తుంది. పిల్లలకు, పెద్దవాళ్లకు ఉపయోగపడాలని తెచ్చిన సౌకర్యం ఇది. ఇందులో భార్యో అన్నో ప్రధాన ఖాతాదారుగా ఉంటారు. మానాలనుకుంటున్న మనిషి వారి ఖాతా నుంచి చెల్లింపులు చేస్తాడు. రెండు పద్ధతులున్నాయి. ప్రతి చెల్లింపునూ అవతలివారు పిన్ కొట్టి ఒప్పుకోవాల్సిన పద్ధతి ఒకటి. నెలకు 15,000 రూపాయల లోపు వదిలేసే పద్ధతి మరొకటి. మొదటి నెలల్లో మొదటి పద్ధతే క్షేమం. చేయి చాచి డబ్బు అడగాల్సిన అవమానం కొంత తగ్గుతుంది, లెక్క ఇద్దరికీ కనిపిస్తుంది.

కార్డుల్లో ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలను బ్యాంకు యాప్‌లోనే ఆపేయవచ్చు, పరిమితి తగ్గించవచ్చు. ఇవి రిజర్వు బ్యాంకు ఖాతాదారుకు ఇచ్చిన వెసులుబాట్లు. ఎఫ్‌డీలో వేశాం కదా అని నిశ్చింతగా ఉండటం మాత్రం సరికాదు. మొబైల్ యాప్‌లో అర్ధరాత్రి కూడా ఎఫ్‌డీ బద్దలుకొట్టవచ్చు. ఇద్దరి సంతకాలతోనే నడిచే ఉమ్మడి ఖాతా అంతకన్నా నయం. ఇంట్లో బంగారం ఉంటే లాకర్ తాళం ఎవరి దగ్గరుందో కూడా చూసుకోవాలి. గోల్డ్ లోన్ అరగంటలో వస్తుంది.

ఫోన్ విషయం త్వరగా తేలిపోతుంది. గ్రూపుల్లోంచి బయటికి రావడం, ఐడీ ఇచ్చినవాడి నంబర్ బ్లాక్ చేయడం, వీలైతే సిమ్ మార్చడం. బెట్‌బ్లాకర్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఎంచుకున్న గడువు వరకు అది వేల సంఖ్యలో జూదం సైట్లను తెరవనివ్వదు. కొత్త పేర్లతో రోజూ పుట్టే సైట్లన్నీ దానికి చిక్కకపోవచ్చు. జీతం పడిన రోజు, పెద్ద మ్యాచ్ రాత్రి, ఇంట్లో గొడవైన సాయంత్రం, ఈ మూడూ ముందే తెలిసే ప్రమాదపు వేళలు. ఆ గంటల్లో ఫోన్ ఇంకొకరి దగ్గర ఉంటే చాలావరకు గండం గడుస్తుంది.

అరెకరం అమ్మి తీర్చిన అప్పు

తెలుగు ఇళ్లలో తరచూ జరిగేది ఇది. అబ్బాయి మూడు లక్షలు అప్పుందని చెబుతాడు. నాన్న అరెకరం అమ్మో, అమ్మ నగలు కుదువపెట్టో తీరుస్తారు. ‘ఇంకెప్పుడూ ఆడనని ఒట్టు వెయ్యి’ అంటారు, వేస్తాడు. ఆరు నెలలకు మళ్లీ నాలుగు లక్షలు. ఒట్టు వేసినప్పుడు అతను అబద్ధమాడాడని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. చాలాసార్లు నిజంగానే అనుకుని వేస్తాడు. ఇబ్బంది ఎక్కడంటే, అప్పు తీరగానే లోన్ యాప్‌లలో, క్రెడిట్ కార్డుల్లో పరిమితి మళ్లీ ఖాళీ అయి అందుబాటులోకి వస్తుంది. బెట్టింగ్ దారి మూయలేదు, డబ్బు దారి కొత్తగా తెరిచారు.

మొదట చెప్పిన అప్పు పూర్తి అప్పు కాకపోవడం మరో చిక్కు. సిగ్గుతో సగమే చెబుతారు. మిగతా సగం తీర్చడానికే మళ్లీ ఆడతారు. అందుకే తీర్చే ముందు కూర్చుని మొత్తం రాయించాలి. ‘తిట్టను నాన్నా, ఉన్నదంతా ఒక్కసారే చెప్పు’ అన్న ఒక్క మాట ఇక్కడ చాలా పని చేస్తుంది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల అప్పులు క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తాయి. ఒక్కో క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదుళ్లు, వడ్డీవ్యాపారి నోట్లు అందులో ఉండవు. అవి నోటితో చెప్పాల్సిందే.

తీర్చేటప్పుడు డబ్బు ఆ మనిషి చేతికి ఇవ్వకుండా నేరుగా అప్పిచ్చినవారికి కట్టాలి. బాకీ తీరిన కార్డులను, లోన్ ఖాతాలను అక్కడికక్కడే మూయించాలి. ఒకేసారి కాకుండా వాయిదాల్లో, సాధ్యమైనంతవరకు అతని జీతంలోంచే తీరేలా చూస్తే అప్పు బరువు అతనికీ గుర్తుంటుంది. అప్పు వసూలు చేసే రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. డిజిటల్ లోన్ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు చూడకూడదు. ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని, బంధువులకు పంపుతామని బెదిరిస్తే సైబర్ క్రైమ్ నంబర్ 1930. అలాంటి బెదిరింపుకు భయపడి ఇంకో యాప్‌లో అప్పు చేయడం చాలా ఇళ్లను ముంచింది.

సాయం ఎక్కడ దొరుకుతుంది

టెలీ మానస్ 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416కు ఆడే వ్యక్తే కాదు, అతని భార్యో తల్లో కూడా ఫోన్ చేయవచ్చు. మనిషి మాటలు మారిపోయి, ‘నేను లేకపోతే మీకు అప్పుల బాధ ఉండదు’ లాంటివి వస్తుంటే ఆగి చూడకూడదు. ఒంటరిగా వదలకుండా వెంటనే ఫోన్ చేయాలి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. సూటిగా, నెమ్మదిగా అడగడమే మంచిదని మానసిక వైద్యులు చెబుతారు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నం చినవాల్తేరులోని మానసిక చికిత్సాలయం తెలిసినవే. ‘ఎర్రగడ్డ’ అనే మాటకు ఉన్న అపవాదు వల్ల చాలామంది వెళ్లరు. జిల్లా ఆసుపత్రిలోని సైకియాట్రీ ఓపీతోనూ మొదలుపెట్టవచ్చు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోన్, ఇంటర్నెట్ వ్యసనాల కోసం షట్ క్లినిక్ ప్రత్యేకంగా ఉంది. చికిత్స అంటే మందులే అనుకోనక్కర్లేదు. జూదం మాన్పించే ప్రత్యేకమైన మాత్ర లేదు. ఎక్కువగా జరిగేది మాటలతో చేసే చికిత్స: ఏ ఆలోచనతో పందెం మొదలవుతోంది, ‘ఈసారి ఖాయం’ అనే నమ్మకం ఎక్కడ తప్పుతోంది, ఆ సమయంలో ఏం చేయాలి అన్నవి వారంవారం కూర్చుని తేల్చడం. డిప్రెషన్, మద్యం కూడా తోడైతే వాటికి మందులు ఇస్తారు. 1957లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన గ్యాంబ్లర్స్ అనానిమస్ లాంటి సహాయ బృందాల్లో, అదే అనుభవం ఉన్నవాళ్ల మధ్య కూర్చుని మాట్లాడుకుంటారు. కొన్ని సమావేశాలు ఆన్‌లైన్‌లోనూ జరుగుతాయి.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ప్రమాదం వేరే రూపంలో ఉంది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అక్కడి చాలా రాష్ట్రాల్లో స్పోర్ట్స్ బెట్టింగ్ చట్టబద్ధమైంది. విద్యారుణంతో వెళ్లిన విద్యార్థి ఫోన్‌లోకి అది ప్రకటనగానే వచ్చేస్తుంది. అమెరికాలో 1-800-గ్యాంబ్లర్ (1-800-426-2537), బ్రిటన్‌లో 0808 8020 133, ఆస్ట్రేలియాలో 1800 858 858 సహాయ నంబర్లు. అదుపులో ఆడటం గురించి కెనడా నిపుణులు 2021లో కొన్ని హద్దులు చెప్పారు. నెలకు కుటుంబ ఆదాయంలో ఒక శాతం మించకూడదు, నెలలో నాలుగు రోజులకు మించి ఆడకూడదు, రెండు రకాల ఆటలకు మించి అలవాటు చేసుకోకూడదు. ఇప్పటికే రికవరీ కోసం ఆడుతున్న మనిషికి ఈ లెక్క వర్తించదు. అతను పూర్తిగా మానడమే మార్గం. మన దేశంలోని చట్టవిరుద్ధ సైట్లలో ‘కొంచెంగా ఆడటం’ అనే మాటకే అర్థం లేదు.

మానిన మూడు నెలలకు మళ్లీ ఒక పందెం వేయడం అరుదేమీ కాదు. అంతా పోయింది, ఇక నా వల్ల కాదు అనుకుంటే ఆ ఒక్కటి పదవుతుంది. అదే రోజు ఇంట్లో చెప్పి, ఇద్దరూ కలిసి స్టేట్‌మెంట్ తెరిచి, డబ్బు ఏ ఖాతా నుంచి ఎలా వెళ్లిందో చూడాలి. పాత క్రెడిట్ కార్డు ఒకటి మూయకుండా మిగిలిపోయి ఉండవచ్చు, మర్చిపోయిన వాలెట్‌లో క్యాష్‌బ్యాక్ ఉండవచ్చు. దాన్ని ఆ పూటే మూసేసి, తర్వాతి అపాయింట్‌మెంట్‌ కోసం ఆగకుండా కౌన్సెలర్‌కు ఫోన్ చేయాలి.